పొగ గొట్టంలో నీటి చుక్క

ముందు ముక్కు పని చేయాలి. ఆ తర్వాతే చెయ్యి.

అవుకు జలాశయం ఒడ్డున బోటు ఎక్కావు. వెనక భాగంలో ఇంజను గది మూత ఎత్తి, తల లోపలికి పెట్టి గట్టిగా పీల్చు. పెట్రోలు వాసన వస్తోందా? పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. కారులో అయితే కిందికి జారి రోడ్డు మీదికి పోతుంది. బోటులో దానికి పోయే దారి లేదు. అడుగున చేరి అక్కడే ఉంటుంది. సెల్ఫు మోటారు దగ్గర ఒక్క రవ్వ పడితే చాలు. అందుకే తాళం తిప్పకముందు బ్లోయరు ఫ్యాను వేసి, కొన్ని నిమిషాలు ఆగి, మళ్లీ వాసన చూస్తావు.

వాసన లేదు. మంచిది.

ఆషాఢ మాసపు గాలి కొండల మీదుగా దిగి నీటిని గీరుతోంది. నంద్యాల నుంచి బనగానపల్లె మీదుగా నువ్వొచ్చావు. ఆళ్లగడ్డ నుంచి కోవెలకుంట్ల మీదుగా మేస్త్రి వచ్చాడు. కట్ట మీద బండ్లు ఆపి పొట్లాల్లో తెచ్చుకున్న ఉగ్గాని, బజ్జీ తిన్నారు. వేళ్లకు ఇంకా పచ్చిమిరప ఘాటు ఉంది. మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లోడు లైఫ్ జాకెట్లు తెచ్చి ముందర పడేస్తాడు.

"ముగ్గురమే గదన్నా, కావాల్నా?" అని అడుగుతాడు.

కావాలి. నేటి నంద్యాల జిల్లాలోనే, నెహ్రూనగర్ దగ్గర 2007 జనవరిలో కృష్ణలో పడవ మునిగి పదుల మంది పోయారు. ఆ మాట ఇప్పుడు వాడికి చెప్పక్కర్లేదు. జాకెట్ తొడిగి, పట్టీ నువ్వే బిగిస్తావు. నీదీ బిగించుకుంటావు.

ఇప్పుడు పని చూడు. ఫైబరు బోటు. లోపల కారు నుంచి తీసిన నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. రేడియేటర్ లేదు. బోటు అడుగున ఉన్న కుళాయి గుండా పంపు జలాశయం నీటినే లాగి ఇంజను చుట్టూ తిప్పుతుంది. ఇంజనుకు కొత్త కంప్యూటర్ పెట్టారు. ఏ వేగంలో, ఎంత బరువు మీద, ఎంత పెట్రోలు చల్లాలో దానికి నువ్వు నేర్పాలి. నీ ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది. తెర మీద గళ్ల పట్టిక, దాని పైన పెద్ద అక్షరాల్లో ఒక అంకె. ఆ అంకె పొగ గొట్టంలో బిగించిన ఆక్సిజన్ సెన్సర్ నుంచి వస్తుంది.

ఈ సెన్సర్ నీకు కొత్త కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక మన బజార్లో తిరిగే కొత్త పెట్రోలు కార్లన్నిటిలో ఇది ఉంది, బైకుల్లోనూ చాలావాటికి ఉంది. పొగ గొట్టం మొదట్లో, పద్దెనిమిది సైజు మరలో బిగించి ఉంటుంది. దాని మొనలో జిర్కోనియా అనే పింగాణీ. ఒక పక్క పొగ, రెండో పక్క బయటి గాలి. రెండు పక్కలా ఆక్సిజన్‌లో తేడా ఉంటే ఆ పింగాణీ కొద్దిపాటి కరెంటు పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగల్లేదంటే పెట్రోలు ఎక్కువైంది, మెకానిక్కుల మాటలో రిచ్చు. ఆక్సిజన్ మిగిలిందంటే పెట్రోలు తక్కువైంది, లీను. బాష్ కంపెనీ దీన్ని 1976లో వోల్వో కార్లతో రోడ్డు మీదికి తెచ్చింది. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది దాని తర్వాతి తరం, వైడ్‌బ్యాండ్ రకం. లీనా, రిచ్చా అని చెప్పి ఊరుకోదు. ఎంతో అంకెల్లో చెబుతుంది.

కానీ అది పని చేయాలంటే ఎర్రగా కాగాలి. లోపలి హీటరు దాని మొనను దాదాపు 780 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది.

ఇక వంగి పొగ గొట్టం వైపు చూడు. ఇక్కడే నీ కడుపులో కలుక్కుమంటుంది.

కారులో పొగ గొట్టం గాలిలో వేలాడుతుంది. ఎంత కాలినా ఫరవాలేదు. బోటులో అది ఫైబరు గోడల మధ్య నుంచి, పెట్రోలు డబ్బాల పక్క నుంచి, మనుషుల కాళ్ల కింద నుంచి పోవాలి. నిండు రేసు మీద పొగ వేడి 700 డిగ్రీలు దాటుతుంది. అందుకని ఇంజనును చల్లబరిచి వచ్చిన నీటిని తీసుకెళ్లి పొగలోనే చల్లుతారు. ఇంజను దగ్గర గొట్టం పైకి లేస్తుంది, మలుపు తిరుగుతుంది. ఆ మలుపు ఎల్బోలో నీరు కలుస్తుంది. అక్కడి నుంచి పొగ, నీరు కలిసి రబ్బరు గొట్టంలో దిగి, సైలెన్సర్ డబ్బాలో పడి, బోటు వెనక నుంచి బయటికి పోతాయి. చెయ్యి పెట్టగలిగేంత చల్లగా పోతాయి.

అంటే ఎల్బోకు అవతల అంతా నీళ్లే. ఎల్బోకు ఇవతల, ఇంజను వైపు, జానెడు పొడి గొట్టం. ఎర్రగా కాగే పింగాణీ ముక్క బతకాల్సింది ఆ జానెడులోనే.

మేస్త్రి సెన్సర్‌ను ఆ జానెడులో చివరన, నీరు కలిసే చోటికి రెండు వేళ్ల దూరంలో, అడ్డంగా బిగించాడు.

"యాడ పెట్టినావు మామా, నీళ్ల పక్కనే ఉండాదే!"

"అంతకంటే చోటు యాడుంది నాయనా? ఇవతలంతా మానిఫోల్డే. దాని చుట్టూ నీళ్ల జాకెట్టు. బెజ్జం వేస్తే జాకెట్టు తూటు పడతాది. పొడి పక్కే గదా, కానీ."

పొడి పక్కే. మాట నిజమే. ఒడ్డున బోటు యజమాని చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండ ఎక్కేకొద్దీ గాలి పెరుగుతుంది. ఇప్పుడు విప్పితే మళ్లీ ఆళ్లగడ్డ లేత్ షాపు దాకా పోవాలి. ఆగుతావా, పోతావా?

పోదామంటావు.

ఒక జాగ్రత్త మాత్రం వదలవు. సెన్సర్ హీటరుకు ఇప్పుడే కరెంటు ఇవ్వవు. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. గొట్టం చల్లగా ఉన్నంతసేపు ఆ ఆవిరి గోడలకు చెమటలా పట్టి జారుతుంది. కారు గొట్టం త్వరగా కాగి ఆరిపోతుంది. ఇక్కడ గొట్టం చుట్టూ జలాశయం నీళ్లు తిరుగుతుంటాయి కాబట్టి ఆరడానికి చాలాసేపు పడుతుంది. ముందు ఇంజను స్టార్ట్ చేయిస్తావు. స్లోలో నడవనిస్తావు. గొట్టం పట్టుకోలేనంత వేడెక్కాకే హీటరు స్విచ్చి వేస్తావు.

అంకె వణికి, నిలబడుతుంది. 14.6. 14.8. 14.7.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి కావాల్సిన గాలి 14.7 కిలోలు. ఇంజను హాయిగా ఉంది. మేస్త్రి తాడు విప్పుతాడు.

కట్ట వెనక్కి జరుగుతోంది. నీటి మీద ఎండ పగిలి కళ్లలో పడుతోంది. మేస్త్రి రేసు ఇస్తాడు. బోటు ముక్కు లేస్తుంది, నీ వీపు సీటుకు అతుక్కుంటుంది. అంకె దిగుతోంది. 13.5. 13.1. 12.8.

దిగాలి కూడా. రోడ్డు మీద కారుకు ఎక్కుడుంటుంది, దిగుడుంటుంది. నీటి మీద బోటుకు దిగుడు లేదు. ఎప్పుడూ ఎక్కుడే. ఇంజను ఊపిరి తీసుకునే సమయమే ఉండదు. నిండు రేసు మీద పెట్రోలు తక్కువైతే సిలిండర్ లోపల వేడి పెరిగి, నాకింగ్ మొదలై, పిస్టన్ నెత్తి కరిగి తూటు పడుతుంది. అందుకే ఇక్కడ కాస్త రిచ్చుగా నడపాలి. 12.8 అంటే క్షేమం. నువ్వు పట్టికలో గడులు ఒక్కొక్కటీ సరిచేస్తూ పోతావు. చెయ్యి కుదురుకుంది. పని సాగుతోంది.

"పుట్టి!" పిల్లోడు అరుస్తాడు.

తలెత్తుతావు. ఎదురుగా అలల మధ్య చేపల పుట్టి. అందులో మనిషి వల మీదికి వంగి ఉన్నాడు. మేస్త్రి రేసు ఒక్కసారిగా వదిలేస్తాడు. స్టీరింగు కోస్తాడు. బోటు ముక్కు దబ్బున పడుతుంది. పుట్టి ఎడమ పక్కగా జారిపోతుంది. ఆ మనిషి చెయ్యెత్తి ఏదో అంటున్నాడు.

అందరూ క్షేమమే. ఊపిరి వదులుతావు.

అప్పుడు వెనక నుంచి మీ సొంత అల వస్తుంది. ఇప్పటిదాకా బోటు వెనకాలే తరుముతూ వచ్చిన నీరు. బోటు ఆగింది, అది ఆగలేదు. వెనక గోడను తన్నుతుంది. బోటు తోక మునిగి లేస్తుంది. పొగ గొట్టం మూతి కూడా.

నీకు కనిపించనిది గొట్టంలో జరుగుతోంది. రేసు వదలగానే పొగ తోపుడు పడిపోయింది. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. గాలి ద్వారం మూసుకుపోయింది కాబట్టి సిలిండర్లలో శూన్యం పెరిగింది. లోపలికి పీల్చే వాల్వు, బయటికి వదిలే వాల్వు రెండూ ఒక్క క్షణం కలిసి తెరుచుకుంటాయి. ఆ క్షణంలో ఇంజను పొగ గొట్టం నుంచి వెనక్కి పీలుస్తుంది. ఎల్బోలో చల్లే నీటి తుంపర ఆ పీల్పుకు ఇవతలికి ఎగురుతుంది. రెండు వేళ్ల దూరం దానికి ఒక లెక్క కాదు.

ఒక్క చుక్క. 780 డిగ్రీల పింగాణీ మీద.

వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద నీళ్లు చిలికితే ఏమవుతుందో అదే అయింది. ఇంజను మోతలో నీకు ఏమీ వినిపించలేదు.

తెర మీద అంకె 20 దాటింది.

రేసు వదిలినప్పుడు కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. అంకె పైకి పోవడం మామూలే. తిరిగి రావాలి. మేస్త్రి మెల్లగా రేసు ఇస్తున్నాడు. అంకె రావట్లేదు. 19.8. 20.4.

"లీను కొడ్తాంది మామా!"

పిస్టన్ కరిగే మాట నీ మెదడులో తిరుగుతోంది. వేళ్లు వాటంతట అవే కదులుతాయి. పట్టికలో పెట్రోలు కొంచెం పెంచుతావు. అంకె కదలదు. ఇంకొంచెం పెంచుతావు. కదలదు. ఇంకా.

ఇంజను గొంతు మారింది. బరువుగా, బొంగురుగా. బోటు ముందుకు పోవడానికి మొరాయిస్తోంది. వెనక నుంచి నల్లటి పొగ. గాలి వెనక నుంచి ముందుకు వీస్తోంది, పొగంతా బోటులోకే వస్తోంది. కళ్లు మండుతున్నాయి.

వెనక సీట్లో పిల్లోడు తల పట్టుకున్నాడు.

"ఏమైంది రా?"

"తల దిమ్ముగా ఉండాదన్నా. కడుపులో తిప్పతాంది."

అల వల్లనా? కాదు. వాడు ఈ జిల్లా నీళ్లలోనే పెరిగాడు. ఆలోచించు. పెట్రోలు ఎక్కువై, గాలి చాలక కాలితే పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. నీకు వచ్చే పెట్రోలు కంపు వేరు, అది వేరు. అది నెత్తురులో ఆక్సిజన్ కూర్చునే చోట కూర్చుని లేవదు. 2000లో అమెరికాలోని లేక్ పొవెల్ జలాశయంలో, ఆగి ఉన్న ఒక హౌస్‌బోటు వెనక ఈదుతున్న ఇద్దరు చిన్న పిల్లలు, అన్నదమ్ములు, జనరేటరు వదిలిన ఈ విషంతోనే చనిపోయారు. పైన ఆకాశం, చుట్టూ ఆరుబయలు. అయినా చనిపోయారు. బోటు వెనక భాగంలో పొగ తిరగబడి నిలుస్తుంది.

"ముందుకు రా! గాలికి ఎదురుగా కూర్చో. మామా, బోటు తిప్పు. పొగ మన మీదికి రాకుండా తిప్పు!"

మేస్త్రి తిప్పుతాడు. పిల్లోడు తూలుతూ నిన్ను దాటి ముందుకు పోతాడు. వాడి భుజం పట్టుకుని కూర్చోబెడతావు.

ఇప్పుడు తేల్చుకో. అంకె లీను అంటోంది. ముక్కు రిచ్చు అంటోంది. ఎవరిని నమ్ముతావు?

నిజంగా పెట్రోలు తక్కువైతే, పెట్రోలు పెంచిన వెంటనే ఇంజను పికప్ అందుకోవాలి. అందుకోలేదు. నువ్వు పెంచినకొద్దీ కుంగింది. లీను ఇంజను నల్లపొగ వదలదు. ఇంజనే తన నోటితో చెబుతోంది. అబద్ధమాడేది సెన్సర్. పింగాణీ పగిలి, పొగకూ బయటి గాలికీ మధ్య గోడ పోయింది. రెండు పక్కలా తేడా లేకపోతే కరెంటు పుట్టదు. దాన్ని కంప్యూటర్ లీను అని చదువుకుంటోంది.

పాత పట్టిక వెనక్కి తెద్దామని మీట మీద వేలు పెడతావు.

ఇంజను దగ్గుతుంది. మిస్సింగు. ఇంకో దగ్గు.

ఆగింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. అలలు బోటు పక్కలను కొడుతున్న చప్పుడు. గాలి.

మేస్త్రి సెల్ఫు కొడతాడు. తిరుగుతోంది. అందుకోవట్లేదు. మళ్లీ కొడతాడు. ప్లగ్గులు పెట్రోలులో తడిసి ఉంటాయి.

కట్ట వైపు చూడు. రాళ్లు. గాలి మిమ్మల్ని అటే తోస్తోంది.

మళ్లీ సెల్ఫు. ఎక్కువసేపు. బ్యాటరీ గొంతు దిగుతోంది.

ఆపు. ఆపించు. ఇప్పుడే.

"సెల్ఫు ఆపు మామా! నీళ్లు పోతాండాయి లోపలికి!"

ఇంజను తిరిగితే పంపు తిరుగుతుంది. పంపు తిరిగితే ఎల్బోలోకి నీరు వస్తుంది. ఇంజను నడుస్తుంటే పొగ ఆ నీటిని బయటికి తోస్తుంది. ఇప్పుడు తోసే పొగ లేదు. నీరు డబ్బాలో నిండుతుంది. గొట్టంలోకి లేస్తుంది. ఎల్బో దాటుతుంది. సిలిండర్లోకి దిగుతుంది. నీరు నలగదు. పిస్టన్ పైకొచ్చి దాన్ని నొక్కితే వంగేది కనెక్టింగ్ రాడ్డు.

మేస్త్రి చెయ్యి అప్పటికే మీట మీద ఉంది.

టక్.

సెల్ఫు మధ్యలో నిలిచిపోయింది.

అది బ్యాటరీ అయిపోయిన చప్పుడు కాదు. ఏదో అడ్డం పడిన చప్పుడు.

"ముట్టుకోవద్దు మామా."

రాళ్లు దగ్గరయ్యాయి. ఇప్పుడు రాళ్ల మధ్య నురగ కనిపిస్తోంది. ముందు ఏది? ఇంజనా?

కాదు. లంగరు.

"లంగరు వెయ్యి రా! తాడు మొత్తం వదులు!"

పిల్లోడు లేస్తాడు. పాలిపోయిన ముఖం. లంగరు ఎత్తి ముందు నుంచి వదులుతాడు. తాడు సరసరా పోతోంది. బోటు జరుగుతూనే ఉంది. జరుగుతోంది. జరుగుతోంది. తాడు బిగుసుకుంది. జారింది. మళ్లీ బిగుసుకుంది.

నిలిచింది.

ముక్కు గాలికి తిరిగింది. రాళ్లు వెనక, బోటు పొడవంత దూరంలో.

ఇప్పుడు ఇంజను. వరుసగా. తొందర లేకుండా.

అడుగు కుళాయి మూసెయ్. ఇక ఒక్క చుక్క కూడా లోపలికి రాదు. బ్లోయరు వెయ్. కాయిల్ కనెక్టర్ పీకు. ఇంజెక్టర్ల కనెక్టర్ పీకు. నిప్పురవ్వ రాకూడదు, పెట్రోలు రాకూడదు. ప్లగ్గులు విప్పు. వేళ్లు కాలతాయి. గుడ్డ పట్టుకో.

మొదటిది నల్లగా, పెట్రోలు తడి. రెండోది అంతే. మూడోది అంతే. నాలుగోది మెరుస్తోంది. దాని మొన మీద నీటి చుక్క.

వాసన పోయిందా? పీల్చు. ఆగు. మళ్లీ పీల్చు. పోయింది.

"ఇప్పుడు కొట్టు మామా. రొంతసేపే."

సెల్ఫు తిరుగుతుంది. నాలుగో బెజ్జం నుంచి నీరు చిమ్మి మూత మీద పడుతుంది. ఇంకోసారి. తుంపర. ఇంకోసారి. గాలి.

పంపు ఎండిపోయి తిరిగితే లోపలి రబ్బరు రెక్కలు కాలిపోతాయి. అందుకే రొంతసేపే.

డబ్బా అడుగున నీరు వదిలే బిరడా విప్పు. నీళ్లు ధారగా పోతాయి. బిగించు. ఆయిలు గేజి లాగి చూడు. ఆయిలు తెల్లగా, మజ్జిగలా మారలేదు. బతికాం. తుడిచిన ప్లగ్గులు బిగించు. కనెక్టర్లు పెట్టు. సెన్సర్ వైరు పీకి పక్కన పడెయ్. దాని మాట వినకుండా కంప్యూటర్‌ను పొద్దున్నే ఒడ్డున సిద్ధం చేసిన పట్టిక మీదికి తిప్పు.

కుళాయి దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చో.

"కొట్టు."

తిరుగుతోంది. తిరుగుతోంది. ఒక దగ్గు. మూడు సిలిండర్ల మీద వణుకుతూ అందుకుంది. కుళాయి తెరిచావు. నాలుగోది కలిసింది. వెనక గొట్టం నుంచి తెల్లటి ఆవిరి, ఆ వెంటనే నీరు. చప్పుడు గుండ్రంగా అయింది.

పిల్లోడు లంగరు లాగుతున్నాడు. మేస్త్రి వాడి ముఖం చూసి, తర్వాత నీ ముఖం చూస్తాడు. ఏమీ అనడు. మెల్లగా, చాలా మెల్లగా రేసు ఇస్తాడు.

ఒడ్డున పిల్లోణ్ని నీడలో కూర్చోబెడతారు. తలనొప్పి తగ్గేదాకా మేస్త్రి వాడి పక్క నుంచి లేవడు. తగ్గకపోతే బనగానపల్లె ఆసుపత్రికి పోవడానికి బండి తిప్పి పెట్టాడు. తగ్గింది. అయినా ఆ రోజు మళ్లీ వాణ్ని బోటెక్కనివ్వవు.

నువ్వు సెన్సర్ విప్పి ఎండలో పెట్టి చూస్తావు. మొన మీద రేకు తొడుగు ఉంది, దాని చుట్టూ తెల్లటి మరక. ఊపితే లోపల ఏదో గలగలమంటుంది. ఇది మంచి నీళ్ల జలాశయం. సముద్రమైతే చుక్క పడకపోయినా ఉప్పు తుంపరే నెమ్మదిగా దీన్ని తినేసేది. కానీ పగిలేది ఉప్పు వల్ల కాదు, చల్లదనం వల్ల. అందుకు అవుకు నీళ్లయినా చాలు, విశాఖ నీళ్లయినా చాలు.

సెన్సర్ విప్పిన బెజ్జంలోకి టార్చి వెయ్యి. నీకు కావలసిన సమాధానం అక్కడుంది. ఎల్బో నుంచి ఇంజను వైపు గొట్టం గోడ మీద తుప్పు గీత ఒకటి పాకింది. అది ఎంతవరకు వచ్చిందో నీరు అంతవరకు వచ్చినట్టు. మేస్త్రి పొడి పక్క అన్న జానెడులో సగం తడి పక్కే.

"మరి ఇట్లా బోట్లలో సెన్సర్ పెట్టేటోళ్లే లేరా?" మేస్త్రి అడుగుతాడు.

ఉన్నారు. అమెరికాలో ఇంజను లోపల ఉండే పెట్రోలు బోట్లకు 2010 మోడళ్ల నుంచి కాలుష్య నిబంధన వచ్చింది. పొగను శుద్ధి చేసే కాటలిస్టు, దాన్ని కాపలా కాసే ఆక్సిజన్ సెన్సర్లు అలా వచ్చాయి. వాళ్లు చేసిందల్లా గొట్టాన్ని పైకి లేపి, కాటలిస్టునూ సెన్సర్లనూ నీరు కలిసే చోటికి ముందే, ఎత్తులో పెట్టడం. అంతకుముందు యమహా తన ఓఎక్స్66 అవుట్‌బోర్డు ఇంజన్లలో పొగ గొట్టం జోలికే పోలేదు. మొదటి సిలిండర్ నుంచి సన్నటి దారి తీసి, ఆ వాయువును సెన్సర్‌కు చూపించింది. దారులు వేరు, సూత్రం ఒకటే. నీరు రాలేని చోటు ముందు తయారు చేయాలి. సెన్సర్ ఆ తర్వాత.

కాబట్టి ఆళ్లగడ్డ. లేత్ షాపులో గొట్టం పైకి లేచే భాగాన్ని పొడవు చేయిస్తావు. బోటు నిండా జనం కూర్చుని దిగబడినా, మలుపు బయటి నీటి మట్టానికి అడుగుకు పైగా ఎత్తులో ఉండేలా. ఎల్బో లోపలి అంచున చిన్న గట్టులా రింగు పోయిస్తావు, గోడ వెంట పాకే నీరు అక్కడ ఆగాలి. వెనక మూతికి రబ్బరు రెక్క పెట్టిస్తావు, అల తన్నితే అది మూసుకోవాలి. సెన్సర్ నట్టు మాత్రం మానిఫోల్డ్ పక్కనే, కొత్తగా వచ్చిన పొడి గొట్టం మీద. అడ్డంగా కాదు, పై నుంచి కిందికి వాలుగా. మొన కింద, వైరు పైన. చెమట పట్టినా చుక్క కిందికి రాలిపోవాలి, లోపల నిలవకూడదు. నీటి జాకెట్టు లేని ఆ పొడి భాగం చేతికి తగిలితే చర్మం ఊడుతుంది. అందుకని దానికి వేడి ఆపే పట్టీ చుట్టిస్తావు.

ఇక ఇంకో సెన్సర్ బిగిద్దామా? మేస్త్రి డబ్బా తీస్తున్నాడు.

"ఆగు మామా. ముందు బోల్టు బిగించు."

నట్టులో ఉత్త బోల్టు బిగించి మళ్లీ నీళ్లలోకి పోతారు. పుట్టీలు లేని వైపు, కట్టకు దూరంగా. నిండు రేసు. ఒక్కసారిగా వదిలెయ్. వెనక అల తన్ననీ. మళ్లీ నిండు రేసు. మళ్లీ వదిలెయ్. ఆ రోజు జరిగిందంతా కావాలనే చేయించు. తర్వాత ఇంజను ఆపి, లంగరు వేసి, బోల్టు విప్పి, కడ్డీకి తెల్లగుడ్డ చుట్టి బెజ్జంలో తిప్పు.

గుడ్డ బయటికి తియ్యి. మసి. పొడి మసి. తడి లేదు.

ఇప్పుడు బిగించు.

ఇంజను కాగాక హీటరు వేస్తావు. 14.7. రేసు. 13.2. 12.8. మేస్త్రి రేసు వదులుతాడు. అంకె 20 దాటుతుంది. నీ గుండె ఒక్కసారి ఆగుతుంది. ఒక క్షణం. అంకె దిగి 14.6 దగ్గర నిలబడుతుంది. పట్టికలో ఒక్కో గడీ నింపుకుంటూ పోతావు. కొన్ని గడుల తర్వాత ఇంజను ఆపి ప్లగ్గు విప్పి రంగు చూస్తావు. లేత ఇటుక రంగు. అంకె, ప్లగ్గు, చెవి, ముక్కు నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి. అప్పుడే పట్టికను భద్రం చేస్తావు.

ఒడ్డున యజమాని సంతోషంగా ఉన్నాడు. సెన్సర్ అట్లనే ఉండనీ అంటాడు. దాని మాట విని కంప్యూటర్ తనకు తానే పెట్రోలు సర్దుకుంటుంది గదా, డబ్బు మిగులుతుంది గదా అంటాడు. చివరి నిర్ణయం ఇదే. కారులో అయితే సరే అనేవాడివి. సెన్సర్ తప్పు చెప్పినా కారు రోడ్డు పక్కన ఆగుతుంది, అంతే. వెనక సీట్లో తల పట్టుకున్న పిల్లోడి ముఖం నీకు గుర్తుంది.

"తీసేద్దామన్నా. ఇది పరీక్షకే. ఎప్పుడో ఒక రోజు రెక్క విరుగుతాది, రింగు తుప్పు పడతాది, చుక్క మళ్లా వస్తాది. ఆ రోజు బోటు నిండా మనుషులుంటారు. ఆ పొద్దు ఇంజను ఎవరి మాటా వినకుండా తనంతట తాను ఒడ్డుకు రావాల."

యజమాని మేస్త్రి వైపు చూస్తాడు. మేస్త్రి స్పానర్ తీసి సెన్సర్ విప్పుతున్నాడు. బోల్టుకు రాగి వాషరు వేసి బిగిస్తాడు. లీకు ఉందేమో, గొట్టం చల్లారాక ఇంజను స్టార్ట్ చేసి, అది కాగేలోపే సబ్బు నీళ్లు రాసి చూస్తాడు. బుడగ రాదు.

నువ్వు మిగతావి చెబుతావు. జనం కూర్చునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించాలి. సెల్ఫు రెండు మూడు సార్లకు అందుకోకపోతే అడుగు కుళాయి మూయాలని డ్రైవర్ కళ్లెదుట బోర్డు రాయించాలి. లంగరు తాడు ఎప్పుడూ చిక్కు లేకుండా ముందర ఉండాలి. 2021 నాటి ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం సర్వే చేయించి, రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఒక్క మనిషిని కూడా ఎక్కించకూడదు. యజమాని వింటూ ఒక్కొక్కటీ ఫోనులో రాసుకుంటాడు. అలారం అనే మాట దగ్గర ఆగి, అది నంద్యాలలో దొరుకుతుందా, తెప్పించాలా అని అడుగుతాడు.

"తెప్పించుదాం," అంటావు. "అది వచ్చినంకనే బోటు కదలాల."